ముంగట చెప్పాలె

మొన్న కామారెడ్డిలో ఒక పెళ్లికి పోయాను. అక్షింతలు వేద్దామని స్టేజీ ఎక్కి, పెళ్లికొడుకు కూర్చున్న కుర్చీ చూసేసరికి చేతిలో అక్షింతలు చేతిలోనే ఉండిపోయాయి. ఎర్ర మఖ్మల్ గుడ్డ, బంగారు రంగు పూసిన సింహాల చేతులు. కుడివైపు సింహం దర్జాగానే ఉంది గానీ ఎడమవైపు దానికి ముక్కు లేదు. ఆ ముక్కు ఎవరి చేతి దెబ్బకు ఊడిందో నాకు తెలుసు. "లే బిడ్డా, అది మా అక్క కుర్చీ" అనే మాట నాలిక చివరిదాకా వచ్చింది. అంతలో ఫోటోగ్రాఫరు "అన్నా, జర ఇటు సూడుండ్రి" అని అరిచాడు. ఆ ఫోటోలో నేను పెళ్లికొడుకును వదిలేసి సింహాన్ని దీవిస్తున్నట్టు పడ్డానట.

అక్క పోయి ఏడాది దాటింది. ఆమె పేరు ఇక్కడ రాయను. రాస్తే "నన్ను అడిగి రాసినవా తమ్మీ?" అని ఎక్కణ్ణుంచో ఫోన్ వస్తుందని నాకు ఇప్పటికీ అనుమానమే.

మేం ముగ్గురం కామెడీ చెప్పేవాళ్లం. స్టేజీ ఎక్కి, మైకు పట్టుకుని, నిలబడి నవ్వించే కామెడీ. నేను వారమంతా ప్రైవేటు కాలేజీలో లెక్కలు చెప్పి, ఆ పాపం కడుక్కోవడానికి జోకులు చెప్పేవాణ్ణి. రెండోవాడిది తాడ్వాయి. వాణ్ణి అందరం ఊరి పేరుతోనే పిలుస్తాం. మూడో మనిషి అక్క. ఆమెకు ఎల్లారెడ్డిలో గాజుల దుకాణం. ఆదివారం మధ్యాహ్నం ముగ్గురం కామారెడ్డిలో ఒక టెంట్ హౌస్ మేడ మీద కలిసేవాళ్లం. టెంట్ హౌస్ సేటు మాకు ఆ గది ఊరికే ఇచ్చాడు. పెళ్లిళ్లకు కిరాయికిచ్చే పరుపులు గోడలకు ఆనించి నిలబెడితే బయట లారీ హారన్లు లోపలికి వినిపించవు. ఆ పరుపుల మధ్య మైకులు పెట్టుకుని, నోటికి ఏది వస్తే అది మాట్లాడుకునేవాళ్లం. తాడ్వాయి దాన్ని కత్తిరించి ఆన్‌లైన్లో పెట్టేవాడు. పాడ్‌కాస్ట్ అని మేమనేవాళ్లం. అక్క మాత్రం ముచ్చట అనేది. "ముచ్చటకు గుడ ఇంగ్లీషు పేరు పెట్టుకున్నరా? మీకు సిగ్గు లేదురా" అని తిట్టేది.

కూర్చోవడానికి ఆ గదిలో పెళ్లి కుర్చీలు తప్ప వేరే ఏవీ లేవు. మొదటి రోజే అక్క పోయి పెళ్లికొడుకు కుర్చీలో కూర్చుంది. పెళ్లికూతురు కుర్చీ పక్కనే ఖాళీగా ఉంది కదా అని తాడ్వాయి చూపించాడు. "దాంట్ల ఒకసారి కూసున్న. తల వంచుకొని కూసోవాలె. నాకు మెడ నొప్పి" అంది. తర్వాత ఆ పెళ్లికూతురు కుర్చీ నా వాటాకు వచ్చింది. మా వీడియోలన్నిటిలో నేను తల వంచుకునే ఉంటాను. అది మైకు పొట్టిగా ఉండడం వల్ల.

మేం ఏం మాట్లాడేవాళ్లమో చెబితే మర్యాదస్తులు లేచిపోతారు. మొక్కు ఆలస్యమైతే దేవుడు మిత్తి, అదే వడ్డీ, వేస్తాడా? మగవాళ్లకు ముట్టు వచ్చుంటే గుళ్లు ఎన్ని రోజులు మూసేవాళ్లు? ("మూసుడు గాదు తమ్మీ, సర్కారు సెలవిస్తది. పోస్టర్లు ఏస్తరు" అంది అక్క.) ఆడవాళ్లు కల్లు తాగితే వాసన వస్తుంది, మగవాళ్లు తాగితే కబుర్లు వస్తాయని ఎందుకంటారు? ఒకసారి కరెంటు పోయింది. చీకట్లో మాట దయ్యాల మీదికి మళ్లింది. దయ్యాలకు కులం ఉంటుందా అని నేనడిగాను. తాడ్వాయి ఉండదన్నాడు, చచ్చినంక అందరూ ఒకటే అని పెద్దమనిషిలాగ ఉపన్యాసం మొదలుపెట్టాడు.

"మరి మా దిక్కు ఒక ఊర్ల మూడు బొందలగడ్డలు ఎందుకున్నయిరా?" అంది అక్క.

బొందలగడ్డ అంటే శ్మశానం, ఆ ఊళ్లో కులానికొకటి. చీకట్లోనే నవ్వాం. ఆ నవ్వు అంత హాయిగా ఏం లేదు. అక్క అప్పుడే ఫోను తీసి, స్పీకర్ పెట్టి, ఆ ఊరి సర్పంచుకు కొట్టింది. "సర్పంచ్ సాబ్, గిట్ల మీ ఊరి మీద ఒక జోకేసిన, మీరు ఇనాలె" అని ఉన్నదున్నట్టు చెప్పింది.  ఆయన గొంతు సవరించుకుని అన్నాడు: "మూడు గాదమ్మా. నాలుగోది గుడ శాంక్షన్ అయింది."

ఆ రోజే సింహం ముక్కు ఊడింది. అక్కకు నవ్వు వస్తే కుర్చీ చేతి మీద అరచేత్తో కొట్టడం అలవాటు. తన జోకుకు తానే ముందు నవ్వేది. అది తప్పు, కామెడీ చెప్పేవాళ్లు మొహం గంభీరంగా పెట్టాలి అని నేను ఇంగ్లీషు వీడియోలు చూసి నేర్చుకున్న జ్ఞానం ఆమెకు పంచబోయాను. "కూర వండినోళ్లు ఉప్పు సూసుకోరా?" అని నా నోరు మూయించింది.

ఈ ఫోను సంగతి చెప్పాలి. అక్కకు ఒకటే రూలు. ఎవరి మీద జోకు వేసినా అది వాళ్ల ముందు చెప్పగలగాలి. చెప్పగలగడం అంటే ఊరికే ధైర్యం ఉంటే సరిపోదు, నిజంగా చెప్పాలి. ముందు వాళ్లు వినాలి, తర్వాతే లోకం. "ముంగట చెప్తే జోకు. ఎన్క చెప్తే చాడి" అనేది. ఆమె మాకు పరిచయమైందే ఈ రూలు వల్ల. కామారెడ్డిలో ఒక ఫంక్షన్ హాల్లో తాడ్వాయి గాజులమ్మేవాళ్ల మీద ఒక జోకు చెప్పాడు, హాలు బాగానే నవ్వింది. ప్రోగ్రాం అయిపోయాక ఒక ఆవిడ సరాసరి స్టేజీ వెనక్కి వచ్చింది. రెండు చేతులకూ మోచేతి దగ్గరిదాకా ఆకుపచ్చ మట్టిగాజులు.

"నేను గాజులు అమ్ముత. ఆ ముచ్చట నా ముంగట మల్ల చెప్పు" అంది.

తాడ్వాయి చెప్పాడు. హాల్లో ఖంగుమన్న గొంతు సగానికి సగం తగ్గిపోయింది. చివరి మాటకొచ్చేసరికి దగ్గొచ్చింది.

"దగ్గొచ్చిన కాడికి తీసెయ్యి. మిగిలింది మంచిగనే ఉన్నది" అని చెప్పి, మా ప్లేట్లోని మిర్చి బజ్జీ ఒకటి తీసుకుని తింటూ పోయింది. తాడ్వాయి అంతవరకు తీసేసి చెప్పాడు. జోకు నిజంగానే బాగుపడింది. మరుసటి వారం మేమిద్దరం బస్సెక్కి ఎల్లారెడ్డి పోయి, ఆమెను మాతో కలవమని బతిమాలాం. "మిర్చిలు పెడితే వస్త" అంది. చివరిదాకా ఆమె తీసుకున్న ఫీజు అదే.

దుకాణంలో ఆమెను చూస్తే ఈ విద్య ఎక్కడిదో తెలిసిపోతుంది. బిగుతు గాజులు ఎక్కించేటప్పుడు అవతలి మనిషి చెయ్యి పట్టుకుని, బొటనవేలు లోపలికి మడిచి, పిడికిలి ఎముకల దగ్గర నొక్కుతుంది. అక్కడే నొప్పి. ఆ నొప్పి తెలియకుండా ఉండడానికి ఏదో ముచ్చట మొదలుపెడుతుంది. "మొన్న మా గల్లీల ఏమైందో ఎర్కేనా..." అంటూ గాజును మెల్లగా తోస్తుంది. గాజు ఎముక దాటే క్షణానికి ముచ్చట ఆఖరు మాటకు వస్తుంది. ఆ మనిషి నవ్వుతుంది, గాజు మణికట్టుకు జారుతుంది. నవ్వడం వల్ల చెయ్యి వదులైందో, చెయ్యి వదులైంది కాబట్టి నవ్విందో చెప్పలేం. స్టేజీ మీద కూడా అక్క ఎడమ చెయ్యి గాలిలో ఎవరిదో చెయ్యి పట్టుకున్నట్టే ఉండేది. వేళ్లు మెల్లమెల్లగా నొక్కేవి. ఆ వేళ్లు ఎప్పుడు వదులుతాయో అప్పుడే హాలు పగిలేది. ఎన్నో పుస్తకాలు చదివి, టైమింగ్ అంటే ఏమిటో నాకు అర్థం కాలేదు. ఆ చెయ్యి చూసి అర్థమైంది. అర్థమైనంత మాత్రాన రాలేదు, అది వేరే సంగతి.

ఆదివారం అక్క నంబరు నుంచి ఫోనొచ్చిందంటే ఎల్లారెడ్డి, కామారెడ్డి మధ్య జనానికి గుండెల్లో రాయి పడేది. రానివాళ్ల బాధ ఇంకోరకం. సదాశివనగర్ పక్క ఊళ్లో ఒక ఎరువుల దుకాణం ఆయన ఒకసారి నన్ను పట్టుకుని, "ఏంది సార్, నా మీద ఒక్కటి గుడ ఎయ్యరా? నేను గంత మంచోన్నా?" అని నిలదీశాడు.

అన్నిసార్లూ ఫోను నవ్వుతో ముగిసేది కాదు. దుబాయి పోయినవాళ్ల భార్యల గురించి ఒక ఆదివారం మాట్లాడాం. అక్క తనకు తెలిసిన ఒకావిడ సంగతి చెప్పింది. ఆవిడ బియ్యం డబ్బాకు ఫోను ఆనించి, వీడియో కాల్‌లో భర్తను పెట్టి, ఇంటి పని అంతా చేసుకుంటుంది. ఆయన అక్కణ్ణుంచి "పప్పు మాడుతున్నది" అని కేకేస్తాడు. నెట్ ఆగిపోతే ఆయన నోరు తెరుచుకుని అట్లాగే బిగుసుకుపోతాడు, ఈమె ఆ మొహానికే ముచ్చట్లు చెబుతూ ఉంటుంది. "నెట్ బందైనంకనే ఆయన మంచిగ ఇంటడక్కా" అందట. నవ్వి నవ్వి మాకు కడుపు నొప్పి పుట్టింది. అక్క ఫోను కలిపి ఆమెకే చెప్పింది. ఆమె మొదట నవ్వింది. తర్వాత "ఆయన ఇంటె జర చిన్నబోతడేమో అక్కా" అంది. అంతే. అక్క ఫోను పెట్టేసి, "తీసెయ్యిరా" అంది తాడ్వాయితో. మా ముచ్చట్లన్నిటిలోకీ అది గొప్పది. వాడు ఎంత బతిమాలినా వినలేదు. పేరు మారుద్దాం, ఊరు మారుద్దాం అన్నాడు. "పేరు మారుస్తవు, చిన్నబోవుడు మారుస్తవా?" అంది. అక్క ఉన్నంతకాలం అది లోకం వినలేదు. మేం ముగ్గురమే విన్నాం, ఇప్పుడు ఆ ఆలుమగలిద్దరినీ అడిగాకే ఇక్కడ రాస్తున్నాను.

అందరికీ ఫోను చేసే మనిషి ఒక్కరికి మాత్రం ఫోను చేసేది కాదు. వాళ్ల అత్తగారికి. ఆవిడ మీద జోకు వేస్తే ఇంట్లోనే, ఎదురుగా నిలబడి చెప్పి, ఆ తర్వాత కామారెడ్డి బస్సెక్కేది. అత్త మీద లేని ముచ్చటే ఉండేది కాదు కాబట్టి ప్రతి ఆదివారం పొద్దున ఇది తప్పనిసరి కార్యక్రమం.

ఆ ఇంట్లో ఉండేది వాళ్లిద్దరే. అక్క భర్త దుబాయిలో పనిచేస్తూ అక్కడే పోయాడు. పెట్టెలో వచ్చాడు. పిల్లలు లేరు. మరిది పక్క గల్లీలో వేరే ఉంటాడు. భర్త పోయిన ఆడమనిషి చేతినిండా గాజులు వేసుకోవడమే కాక గాజుల దుకాణం పెట్టిందని ఎల్లారెడ్డిలో కొన్నాళ్లు గుసగుసలు నడిచాయి. అక్క ఆ గుసగుసల వాళ్లనే పేరుపెట్టి పిలిచి గాజులు వేసింది. "నా మీద చెప్పుకున్నవట, జర నా ముంగట చెప్పు, నేను గుడ నవ్వుత" అంటూ పిడికిలి ఎముక దగ్గర కొంచెం గట్టిగానే నొక్కిందని విన్నాను.

అత్తగారు, మేమంతా అవ్వ అనే ఆవిడ, మాత్రం గుసగుసలూ ఆడలేదు, గట్టిగానూ ఏమీ అనలేదు. ఆవిడ అరుగు మీద కూర్చుని, ఒళ్లో చేట పెట్టుకుని బీడీలు చుట్టేది. ఒక ఆదివారం నేను బండి మీద ఎల్లారెడ్డి పోయి అక్కను తీసుకురావాల్సి వచ్చింది. అప్పుడు ఆ కార్యక్రమం కళ్లారా చూశాను. అక్క చీరకొంగు దోపుకుని, హైదరాబాదులో వందలమంది ముందు నిలబడ్డట్టే అవ్వ ముందు నిలబడింది. గాలిలో ఎడమ చెయ్యి లేచింది.

"మా అత్త ఏమంటదంటే, కొడుకు పోయినంక నాకు నవ్వు బందైంది అంటది. అబద్ధం! నా పెండ్లి ఫోటోలు తీసి సూడుండ్రి. అండ్ల గుడ నవ్వలే!"

నాకు నవ్వు ఆగలేదు. భయమూ వేసింది. కొడుకు పోయిన తల్లితో ఇట్లాంటి మాట ఎవరైనా అంటారా? అవ్వ ఆకు మడిచింది. తంబాకు పోసింది. చుట్టి దారం కట్టింది. తల ఎత్తలేదు.

"అయిందా?" అంది.

"అయింది అత్తా. నవ్వు రాలేదా?"

"ఎందుకొస్తది? పాలు పొంగుతున్నయి, పోయి సూడు."

బండి ఎక్కాక అక్క నా భుజం మీద చరిచింది. "ఇయ్యాల పెదవి కదిలింది తమ్మీ, సూసినవా?"

"వక్క నమిలింది అక్కా."

"కదిలింది!" అని మళ్లీ చరిచింది. "మా అత్త నవ్విననాడు నేను రిటైర్ అయిత. మైకు మీకే ఇచ్చేస్త, పండుగ చేసుకోండ్రి."

  ఊరు దాటాక నా వెనక నుంచి, స్టేజీ గొంతు కాని ఇంకో గొంతుతో అంది: "ఇద్దరం ఒక్క మనిషినే పోగొట్టుకున్నం తమ్మీ. ఏడ్సుడు కలిసే ఏడ్సినం. ఇగ నవ్వుడు నేనొక్కదాన్నే నవ్వుతే మంచిగనిపిస్తలేదు." ఆమె ఎన్ని జోకులు చెప్పినా, ఎంతమందిని నవ్వించినా, ఆమెకు కావాల్సింది ఆ ఒక్క నవ్వే అని అప్పుడు తెలిసింది. మిగతా మనమంతా ఆమెకు రిహార్సల్ అన్నమాట. నాకు కొంచెం కుళ్లు కూడా పుట్టింది, దాచడమెందుకు.

మా మీద పెద్ద గొడవ కూడా అవ్వ ముందుకే వచ్చి ఆగింది. చావు గురించి మాట్లాడుతున్నాం ఆ ఆదివారం. చచ్చిపోయినవాళ్లకు మూడోరోజు పిట్టకు పెట్టడం మా దిక్కు ఆచారం. పోయిన మనిషికి ఇష్టమైనవన్నీ వండి, సమాధి దగ్గర విస్తరిలో పెట్టి, దూరంగా జరిగి నిలబడతారు. కాకి వచ్చి ముట్టాలి. ముట్టకపోతే ఆ మనిషికి ఏదో కోరిక మిగిలిపోయిందని అర్థం. అప్పుడు చుట్టాలంతా ఒక్కొక్కరే ముందుకొచ్చి అది చేస్తాం, ఇది చేస్తాం అని మాట ఇస్తారు. పిట్ట ముట్టేదాకా ఎవరూ అన్నం ముట్టరు. అక్క తన భర్తకు పిట్టకు పెట్టిన రోజు సంగతి ఎత్తుకుంది.

"బగారన్నం పెట్టిన్రు, మటన్ పెట్టిన్రు, కల్లు పెట్టిన్రు. కాకి గోడ మీద కూసొని ఇటు సూస్తది, అటు సూస్తది. దిగదు. మా మరిది పోయి 'అన్నా, నీ బండి నేను మంచిగ సూసుకుంట' అన్నడు. దిగలే. మా ఆడబిడ్డ ఏడ్సింది. దిగలే. అందరు పరేషాన్. నేనన్న: జర ఆగుండ్రి, తొందర పడకుండ్రి. కఫీల్ ఇంక సెలవియ్యలే!"

కఫీల్ అంటే దుబాయిలో పనికి పెట్టుకున్న అరబ్బు యజమాని. ఆయన సెలవు ఇవ్వనిదే మనవాళ్లు ఇంటికి రాలేరు. అక్క భర్త ప్రతి పండక్కీ ఫోనులో చెప్పిన మాట అదే, కఫీల్ సెలవిస్తలేడు. ఆ జోకు చెప్పినప్పుడు అక్క కుర్చీ చేతి మీద కొట్టలేదు. చెయ్యి గాలిలోనే ఉండిపోయింది.

ఎవరో ఆ ముక్క ఒక్కటే కత్తిరించి ఫోన్లలో తిప్పారు. ఎల్లారెడ్డి భగ్గుమంది. చచ్చిన మొగుడి మీద జోకా, పిట్టకు పెట్టుడు మీద నవ్వా అని మరిది మండిపడ్డాడు. కులసంఘం భవనంలో పెద్దమనుషులు కూర్చున్నారు. మమ్మల్నీ పిలిచారు. వీడియో తీసెయ్యాలి, అందరి ముందు తప్పొప్పుకోవాలి, ఇక ఈ ముచ్చట్లు బంద్ చెయ్యాలి అన్నారు. తాడ్వాయి అప్పటికే సగం చచ్చి, బతికున్న సగంతో తలూపుతున్నాడు. అక్క లేచి నిలబడింది.

"ఎవ్వల మీద చెప్పిన్నో వాళ్ల ముంగట చెప్పినంకనే బయట చెప్పిన. అది నా రూలు."

"సచ్చినోని ముంగట ఎట్ల చెప్పినవమ్మా?" అన్నాడు పెద్దమనిషి.

"ఆయన ముంగట చెప్పలేను. ఆయన్ని కన్నామె ముంగట చెప్పిన."

అవ్వను పిలిపించారు. ఆవిడ చేటతో సహా వచ్చింది. గడప దగ్గర కూర్చుని, వాళ్లు అడిగేదాకా ఆకులు కత్తిరిస్తూనే ఉంది. నీ కోడలు ఈ మాట నీ ముందు చెప్పిందా అని అడిగారు.  అవ్వ ఒక్క మాట కాదంటే అక్క పని అయిపోయినట్టే. దుకాణం నడవదు, ముచ్చట నడవదు, బహుశా ఆ ఇంట్లో ఉండడమూ జరగదు. అక్క మొహంలో అంత భయం నేను అంతకుముందు చూడలేదు.

"చెప్పింది" అంది అవ్వ. "నాకు నవ్వు రాలే. గని నా ముంగటనే చెప్పింది."

"నీకు బాధ గాలేదా అవ్వా?"

"అయింది. కొడుకు పోయిండని అయింది. ఇది చెప్పిందని గాదు." కత్తెర మళ్లీ ఆకులో పడింది. "పండుగ పండుగకు ఆ కఫీల్‌ను నేను గుడ తిట్టుకున్న. ఇది నవ్వుకుంట తిట్టింది, గంతే."

పెద్దమనుషులు ఒకరి మొహం ఒకరు చూసుకుని, చాయ్ తెప్పించారు. మా దిక్కు పంచాయితీ చాయ్ దాకా వచ్చిందంటే తెగిపోయినట్టే. బయటికొచ్చాక అందరం అక్కకు షేక్‌హ్యాండ్లు ఇస్తున్నాం. ఆమె మాత్రం మొహం ముడుచుకుని, "ఇంతమంది ముంగట అంటది సూడు తమ్మీ, నవ్వు రాలేదని!" అంది. ఆమెకు గెలిచిన సంతోషం కన్నా ఆ బాధే ఎక్కువగా ఉంది.

పోయినేడాది వానాకాలం జ్వరమని కామారెడ్డి దవాఖానలో చేరింది. చూడ్డానికి పోతే, సెలైన్ ఎక్కించడానికి నర్సమ్మ గాజులు తీయమంటోంది. "ఎక్కిచ్చుడే గాని తీసుడు నేర్సుకోలే బిడ్డా" అని ఆ అమ్మాయిని నవ్విస్తూ ఉంది. సూది గుచ్చిన సంగతి ఆ అమ్మాయి చెబితే గాని తనకూ తెలియలేదట. రెండు రోజుల్లో వచ్చేస్తా, మిర్చిలు రెడీ పెట్టండి అంది. రాలేదు. ఇంతకుమించి ఆ భాగం రాయడం నా వల్ల కాదు.

మూడోరోజు పిట్టకు పెట్టడానికి మేమిద్దరం ఎల్లారెడ్డి పోయాం. విస్తరిలో అన్నీ పెట్టారు. మిర్చి బజ్జీలు తాడ్వాయి కామారెడ్డి నుంచి, మేం ఎప్పుడూ తెచ్చుకునే బండి దగ్గర వేయించి, చల్లారకుండా గుడ్డలో చుట్టి తెచ్చాడు. మొన్నటిదాకా ఆమె చెయ్యి పెడితే కాలేటంత వేడిగా తినేది మరి. వచ్చిన జనాన్ని చూస్తే సగం తాలూకా అక్కడే ఉన్నట్టుంది. నాలుగో బొందలగడ్డ సర్పంచు కూడా వచ్చి మూల నిలబడ్డాడు.

కాకి వచ్చింది. ప్రహరీ గోడ మీద కూర్చుంది. మెడ ఇటు తిప్పింది, అటు తిప్పింది. దిగలేదు.

మరిది ముందుకు పోయాడు. "వదినా, అవ్వను నేను కండ్లల్ల పెట్టుకొని సూసుకుంట" అన్నాడు. కాకి దిగలేదు. నేను పోయి, ముచ్చట బంద్ చెయ్యం అక్కా అన్నాను. తాడ్వాయి పోయి ముక్కు చీదుకుని వచ్చాడు. గాజులు వేయించుకున్న ఆడవాళ్లు ఒక్కొక్కరే పోయి ఏదేదో చెప్పారు. కాకి గోడ మీద కాలు మార్చి కూర్చుంది. ఎండ ఎక్కుతోంది. నా పక్కన తాడ్వాయి నోరు తెరిచి "అన్నా, కఫీల్..." అనబోయాడు. చెయ్యి గట్టిగా నొక్కాను. ఆ జోకు ఆమె ముందు చెప్పే హక్కు మాకు లేదనిపించింది.

అప్పుడు వెనక నుంచి అవ్వ లేచింది.

"జరుగుండ్రి" అంది.

జనం జరిగారు. ఆ రోజు ఆవిడ చేతిలో చేట లేదు, చేతులు ఏం చెయ్యాలో తెలియక చీరకొంగు పట్టుకుని ఉన్నాయి. మెల్లగా పోయి విస్తరి ఎదురుగా కూర్చుంది. గోడ మీది కాకి వైపు తల ఎత్తింది. ఆమె తల ఎత్తడం నేను చూసింది అదే మొదటిసారి.

"ఇగో" అంది. "నవ్వుతున్న. సూడు."

నవ్వింది. అది నవ్వని ఎవరూ అనుకోరు. అలవాటు లేని నోరు, పళ్లు లేని నోరు తెరుచుకుని, గొంతులోంచి హహ్, హహ్ అని రెండు చప్పుళ్లు వచ్చాయి. ఆడవాళ్లు కొంగులు నోట్లో కుక్కుకున్నారు.  ఆ చప్పుడుకు కాకి అదిరిపడి, రెక్కలు టపటప కొట్టుకుంటూ గోడ అవతలికి ఎగిరిపోయింది.

 మరిది తల పట్టుకున్నాడు. అవ్వ ఖాళీ గోడను కాసేపు చూసింది. తర్వాత మా వైపు తిరిగింది.

"సూసిన్రా? ఇన్నేండ్ల సంది నవ్వు, నవ్వు అని నా పానం తిన్నది. నవ్వితే ఉరికింది!"

మొదట పగలబడింది మరిదే. ఆయన వెనక సర్పంచు, ఆయన వెనక ఆడవాళ్లు. ఏడుస్తున్నవాళ్లు ఏడుస్తూనే నవ్వారు. తాడ్వాయి నా భుజం మీద పడి నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో వాడికే తెలియదు. ఎవరి మీద వేసిన జోకు వాళ్ల ముందే పడింది, రూలు ప్రకారం. మా అందరి నవ్వు చూసి, తాను అన్నదేమిటో అప్పుడు తెలిసినట్టు, అవ్వకు నవ్వొచ్చింది. ఈసారి నిజంగానే. భుజాలు అదిరాయి, కళ్లలోంచి నీళ్లు కారాయి. ఆవిడ అరచేయి నేల మీద టపటప కొట్టింది. ఆ కొట్టడం ఎవరి దగ్గర నేర్చుకుందో అక్కడున్న మా ఇద్దరికి మాత్రం తెలుసు.

ఆ నవ్వుల్లో విస్తరి సంగతి అందరం మరిచిపోయాం. చూసేసరికి మిర్చి బజ్జీ ఒకటి తక్కువుంది. కాకి వచ్చిందో, ఇంకేం వచ్చిందో ఎవరూ చూడలేదు. అవ్వ కొంగుతో మొహం తుడుచుకుని లేచి నిలబడింది.

"ముట్టింది. నడువుండ్రి, అన్నాలు తినుండ్రి" అంది.